బోదకాలుకు మందిచ్చిన మహనీయుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కొన్ని జబ్బులకు పేరు పెట్టిన తీరులోనే ఆ జబ్బు కలిగించిన భయం కనిపిస్తుంది. సంస్కృత వైద్య గ్రంథాలు శ్లీపదమని పిలిచిన వ్యాధిని అరబ్బీ వైద్యులు దావుల్ ఫీల్, అనగా ఏనుగు జబ్బు అన్నారు. ఉర్దూలో అది ఫీల్‌పా, అనగా ఏనుగు పాదం. తెలుగువారు బోదకాలు అన్నారు, ఏనుగుకాలు అని కూడా అన్నారు. ఇన్ని భాషలలో ఇన్ని పేర్లు పొందిన ఈ వ్యాధికి వేల సంవత్సరాలు పేర్లే ఉన్నాయి గాని మందు లేదు. ఆ మందు 1947లో వచ్చింది. దానిని లోకానికి అందించిన పరిశోధక బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు గారి జీవితాన్ని మా విద్యార్థుల ముందు ఉంచవలెనని మేము సంకల్పించడానికి ఒక ప్రత్యేక కారణం కలదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు చిరకాలంగా ఫైలేరియా పీడిత ప్రాంతాలు. నాగావళి, వంశధార తీరాల పల్లెలలోనూ, పట్టణాల మురుగు కాలువల వెంబడి ఉన్న వీధులలోనూ కాలు బరువెక్కి అరుగు మీదనే రోజంతా గడిపే వృద్ధుని చూడని వారు మా తరంలో అరుదు. మేము పెరిగిన వీధిలోనే అట్టి వారు ముగ్గురు ఉండేవారు. వారిని పిల్లలు భయంతో చూసేవారు, పెద్దలు జాలితో చూసేవారు. ఆ జబ్బుకు మందు కనిపెట్టినవాడు మన భాష మాట్లాడిన మనిషి అని మాత్రం మాకెవరూ చెప్పలేదు. తన ప్రాంతపు జబ్బును గురించి, దానిని ఎదిరించిన తన భాషవాని గురించి తెలియకపోవడం చదువుకున్న వానికి శోభ కాదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి సీమలోని భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ గారు, తండ్రి జగన్నాథం గారు. కుటుంబం పెద్దది, ఆదాయం చిన్నది. బాల్యంలో ఆయన చదువు మీద శ్రద్ధ చూపినవాడు కాదు. డబ్బు సంపాదించవలెనన్న తలంపుతో, యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని కాశీకి బయలుదేరిన పిల్లవాడిని దారిలో పట్టుకొని ఇంటికి తీసుకువచ్చారు. తండ్రి మరణించిన తర్వాత సంసార భారమంతా తల్లి మీద పడింది. ఆమె తన నగలు అమ్మి కుమారుని చదివించింది. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణుడైనవాడే తర్వాత జీవరసాయన శాస్త్రంలో అగ్రశ్రేణి పరిశోధకుడయ్యాడు. పరీక్ష తప్పిన విద్యార్థిని తక్కువగా చూసే వారు ఈ సంగతిని జ్ఞాపకం ఉంచుకొనుట మంచిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో ఆయన మనస్సు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరవలెనని తలచారు. తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయడం కూడా ఒక సాధనయే అన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అవి గాంధీ మహాత్ముని పిలుపు యువకులను కదిలిస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు ధరించడం ప్రారంభించి, శస్త్రచికిత్స తరగతికి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యులైన ఆంగ్లేయుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది రుచించలేదు. ఇతర విషయాలలో ఎంత బాగా రాసినా, చివరకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం కూడా లభించలేదు.

ఈ నడుమనే ఆయన ఇంట ఒక దారుణం జరిగింది. స్ప్రూ అనే ఉష్ణదేశ వ్యాధి ఆయన సోదరులను కొద్ది రోజుల తేడాతో బలిగొన్నది. ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. తర్వాత అదే జబ్బు ఆయనకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన ఆయన కోలుకున్నారు. తాను నేర్చిన పాశ్చాత్య వైద్యం తన సోదరులను కాపాడలేకపోయిందన్న బాధ ఆయనను విడువలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూనే, తెలియని జబ్బుల మూలం తెలుసుకోవలెనన్న పట్టుదలను ఆయన పెంచుకున్నారు.

అమెరికాకు వెళ్లి ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రం చదవవలెనన్న కోరికకు ధనం అడ్డు వచ్చింది. 1919లో ఆయనకు శేషగిరి గారితో వివాహమైంది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయానికి ముందుకు వచ్చింది. పెద్ద వయస్సుకు రాని భార్యను, వృద్ధురాలైన తల్లిని విడిచి ఆయన ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో అడుగు పెట్టారు. మూడేండ్లలో తిరిగి వస్తానని బయలుదేరిన ఆ యువకుడు మళ్లీ స్వదేశాన్ని చూడలేదు. ఆయన విజయాలను లెక్కించే వారు ఇంటి దగ్గర ఎదురుచూసిన ఆ ఇద్దరు స్త్రీల త్యాగాన్ని లెక్క నుండి వదిలివేయరాదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్య పాఠశాలలో చేరిన సుబ్బారావు గారికి ఉపకార వేతనం లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని. వైద్య పట్టా గల మనిషి ఆ పని చేయడానికి సంకోచించలేదు. ఉష్ణదేశ వైద్యంలో పట్టా పొందిన తర్వాత ఆయన జీవరసాయన శాస్త్ర విభాగంలో ప్రవేశించి, సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి పని చేశారు. రక్తంలోను మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే సులభమైన పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. నేటికీ జీవరసాయన శాస్త్ర విద్యార్థులు దానిని ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే చదువుకుంటారు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణానికి ఇంధనం వంటిదైన ఎ.టి.పి.ని గురించిన వారి పరిశోధనలు వెలువడ్డాయి. కండరం ఏ శక్తితో సంకోచిస్తుందన్న ప్రశ్నకు అంతకుముందు చెప్పుకున్న సమాధానం ఈ పరిశోధనలతో మారిపోయింది. 1930లో ఆయనకు డాక్టరేటు లభించింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత స్థానం మాత్రం లభించలేదు.

1940లో ఆయన హార్వర్డ్‌ను వదలి న్యూయార్క్ సమీపంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధనకు సంచాలకులయ్యారు. ఆయన జీవితంలో అతి ఫలవంతమైన కాలం ఆ తర్వాతి ఎనిమిదేండ్లు. ఫోలిక్ ఆమ్లాన్ని వేరు చేసి, కృత్రిమంగా తయారు చేసే మార్గాన్ని 1945 నాటికి ఆయన బృందం సాధించింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలోని రక్తక్షీణతకు అదే ఔషధమయింది. ఇరవై ఏండ్లకు పూర్వమే ఇంట్లో పుట్టిన దుఃఖానికి ఆయన ప్రయోగశాలలో సమాధానం దొరికింది. ఫోలిక్ ఆమ్లానికి విరోధంగా పనిచేసే పదార్థాలను కూడా ఆయన బృందమే తయారు చేసింది. వాటిలో ఒకదానిని బోస్టన్‌లోని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరుతో బాధపడే పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలను ప్రకటించాడు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డగ్గర్ వెలికి తీసిన ఆరియోమైసిన్ అనే ఔషధం కూడా ఈ ప్రయోగశాల నుండే, సుబ్బారావు గారి నాయకత్వంలోనే వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది.

ఇక మా జిల్లాలకు మిక్కిలి దగ్గరయిన కథకు వస్తాము.

బోదకాలుకు మూలం దారం వంటి సన్నని పురుగు. పెద్ద పురుగులు మనిషి శరీరంలోని రసనాళాలలో కొన్నేండ్ల పాటు బ్రతుకుతాయి. అవి కన్న సూక్ష్మమైన పిల్లలు రక్తంలో తిరుగుతాయి. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే వైద్యుడు ఆ పిల్లపురుగులను మనుష్యుల రక్తంలో చూశాడు. ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాన్‌క్రాఫ్ట్ 1876లో పెద్ద పురుగును కనుగొన్నాడు. చైనాలో పని చేస్తున్న పాట్రిక్ మాన్సన్ 1877లో ఈ పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని చూపించాడు. మురుగు నీటిలో పుట్టే క్యూలెక్స్ దోమయే మన దేశంలో దీనికి ప్రధాన వాహకం. కారణం తెలిసిన డెబ్బది ఏండ్ల వరకు కూడా మందు దొరకలేదు. ఆర్సెనిక్, యాంటిమొనీ వంటి లోహాల సూదిమందులతో ప్రయత్నాలు జరిగాయి. వాటి వలన రోగికి కలిగే హాని తక్కువది కాదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారిన పడ్డారు. ఉష్ణదేశపు పేదలను శతాబ్దాలుగా పీడించిన జబ్బు సంపన్న దేశపు సైనికుని కాలిని తాకిన తర్వాత పరిశోధనకు ఊపు వచ్చింది. ఇది చరిత్రలో పలుమార్లు జరిగినదే. లెడర్లేలో సుబ్బారావు గారి నాయకత్వంలో రెజినాల్డ్ హ్యూయిట్ మొదలైనవారు వందల రసాయనాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. పత్తి ఎలుకలు అనే ఒక జాతి ఎలుకలలో సహజంగానే ఫైలేరియా పురుగు ఉంటుంది. ఆ ఎలుకల మీద, తరువాత కుక్కల మీద జరిగిన పరీక్షలలో డైఇథైల్ కార్బమజీన్ అనే పదార్థం పనిచేస్తుందని తేలింది. ఆ ఫలితాలు 1947లో ప్రకటితమయ్యాయి. ఆ పరిశోధకుల వరుసలో సుబ్బారావు గారి పేరు కూడా ఉంది. పోర్టోరికో దీవిలో రోగులకు ఇచ్చి చూడగా, రక్తంలోని పిల్లపురుగులు వేగంగా మాయమయ్యాయి. హెట్రజాన్ అనే పేరుతో అది విపణిలోకి వచ్చింది. మన వైద్యులు దానిని డి.ఇ.సి. మాత్ర అంటారు. అందులో లోహం లేదు, సూది అవసరం లేదు, ధర స్వల్పం.

ఈ మందులో ఒక విచిత్రం ఉంది. గాజు గొట్టంలో పిల్లపురుగులను ఉంచి ఈ మందు కలిపితే వాటికి పెద్దగా ఏమీ కాదు. మనిషి శరీరంలో ప్రవేశించిన తర్వాతనే, శరీరపు రక్షణశక్తి తోడై, పురుగులు నశిస్తాయి. మందు ఒంటరిగా పని చేయదు, మనిషి తోడ్పాటు కావలె. సుబ్బారావు గారి మందు మన దేశంలో నడిచిన చరిత్ర అంతా ఈ వాక్యానికి వ్యాఖ్యానమే అని మాకు తోస్తుంది.

ఆ చరిత్రను చూడడానికి ఆయన ఉండలేదు. 1948 ఆగస్టులో, ఏబది మూడేండ్ల వయస్సులో, నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి భారతదేశం స్వతంత్రమై ఒక్క సంవత్సరం. జీవితమంతా పరదేశంలో పనిచేసినా ఆయన అమెరికా పౌరసత్వం పొందలేదు. నోబెల్ బహుమానం రాలేదు. తన పేరును ముందుకు నెట్టుకొనే స్వభావం ఆయనకు లేదు. పని పూర్తయిన చోట ఆయన సహాయకుల పేర్లు నిలిచాయి. భారత తపాలా శాఖ 1995లో, శతజయంతి సందర్భంగా, ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

ఆయన వెళ్లిపోయిన ఏడేండ్లకు, 1955లో, భారత ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. పీడిత ప్రాంతాలలో ఊరందరికీ డి.ఇ.సి. మాత్రలు పంచడం అందులో ఒక భాగం. కొన్నేండ్లకే, 1960లో జరిగిన సమీక్షలో, ఈ పంపకం అనుకున్న ఫలితం ఇవ్వలేదని తేలింది. మాత్రలు చేరినవి గాని గొంతు దిగలేదు. దానికి కారణం లేకపోలేదు. ఒంటిలో పురుగులున్న వాడు మాత్ర వేసుకుంటే, ఆ పురుగులు చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. నిన్నటి వరకు బాగున్న మనిషి ఈ రోజు పడకెక్కితే, మాత్రయే జబ్బు తెచ్చిందని ఊరు నమ్ముతుంది. నిజానికి ఆ జ్వరమే అతని ఒంటిలో పురుగు ఉన్నదనడానికి సాక్ష్యం. ఈ చిన్న సంగతిని ఇంటింటికీ అర్థమయ్యే మాటలలో చెప్పేవారు లేకపోవడం వలన లక్షల మాత్రలు వృథా అయ్యాయి.

అటు తర్వాత కార్యక్రమం మరొక దారి పట్టింది. అందరికీ ఇవ్వడం మాని, రక్తంలో పురుగులున్న వారిని గుర్తించి వారికి మాత్రమే మందివ్వడం ఆ దారి. అట్లు గుర్తించుటకే రాత్రి రక్త పరీక్ష ఏర్పడింది. పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తులలోని రక్తనాళాలలో దాగి ఉంటాయి. రాత్రి పొద్దుపోయిన తర్వాత, దోమలు కుట్టే వేళకు, పైరక్తంలోకి వస్తాయి. దోమ వేళను పురుగు ఎరుగును. కనుక ఆరోగ్య కార్యకర్త కూడా రాత్రి ఎనిమిది దాటిన తర్వాతనే బయలుదేరవలె. దీపం పట్టుకొని వీధి వీధి తిరిగి, నిద్రపోతున్న వారిని లేపి, వ్రేలి నుండి కొద్ది చుక్కల రక్తం తీసి గాజు పలక మీద మందంగా పూసేవారు. మరునాడు దానిని నీటిలో ముంచి ఎర్రదనం పోగొట్టి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పిల్లపురుగులను లెక్కించేవారు. మలేరియావాడు, ఫైలేరియావాడు అని మన పల్లెలు వేళాకోళం చేసిన ఆ చిరుద్యోగులు, అర్ధరాత్రి కుక్కల నడుమ తిరిగి, ఊరి రక్తంలో ఏమున్నదో ఊరికే తెలియజెప్పిన వారు. కాలు వాచిన వానిని గుర్తించడానికి పరీక్ష అక్కరలేదు. ఏ వాపూ లేక, ఏ బాధా లేక, తన రక్తం ద్వారా ఇంకొకరికి జబ్బు పంచుతున్న ఆరోగ్యవంతుడే అసలు గుర్తించవలసినవాడు.

ఇక్కడ సుబ్బారావు గారి మందుకు మరొక ప్రయోజనం కనిపించింది. పగటిపూట ఒక చిన్న మోతాదు ఇస్తే, దాగి ఉన్న పిల్లపురుగులు కొన్ని ఒక గంటలోగా పైరక్తంలోకి వస్తాయి. రాత్రి వెళ్లలేని చోట పగలే పరీక్ష చేయడానికి ఇది తోడ్పడింది. చికిత్సకు వచ్చిన మందు నిఘాకు కూడా సాధనమైంది.

అయితే ఆ కార్యక్రమం ఎక్కువగా పట్టణాలకే పరిమితమయింది. పల్లెలు మిగిలిపోయాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు, దానికి తూర్పున శ్రీకాకుళానికి ఉన్నట్లే, దానికీ ఈ జబ్బు వారసత్వంగా వచ్చింది. 1997లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధిని నిర్మూలించవలెనని తీర్మానించింది. 2004లో భారతదేశం పీడిత జిల్లాలన్నిటిలోనూ ఏటా ఒకసారి అందరికీ డి.ఇ.సి. ఇచ్చే కార్యక్రమాన్ని చేపట్టింది. ఆల్బెండజోల్ అనే మాత్ర తర్వాత దానికి తోడయింది. రెండేండ్ల లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడిన వారు తప్ప మిగిలిన వారందరూ మాత్ర మింగవలె. పెద్ద పురుగు బ్రతికి ఉన్నంత కాలం, అనగా కనీసం అయిదేండ్ల పాటు, ఏటా మింగవలె. ఊరిలో నూటికి అరవై అయిదుగురైనా నిజంగా మింగితేనే పురుగు పరంపర తెగుతుంది. ఇచ్చిన మాత్రను లెక్కించడం సులభం, మింగిన మాత్రను లెక్కించడం కష్టం. అందుకనే కార్యకర్త ఎదుటనే మింగించవలెనన్న నియమం వచ్చింది.

పంపకం సక్రమంగా జరిగిన చోట రక్తంలో పురుగులున్న వారి సంఖ్య నూటికి ఒకటి కంటె తక్కువకు పడిపోతుంది. అప్పుడు ఆరేడేండ్ల పిల్లల రక్తాన్ని పరీక్షిస్తారు. ఆ పిల్లలు పంపకం మొదలైన తర్వాత పుట్టినవారు గనుక, వారిలో కూడా పురుగు జాడ ఉంటే ఆ ఊరిలో జబ్బు ఇంకా వ్యాపిస్తున్నదని అర్థం. లేకుంటే మాత్రలు ఆపవచ్చును. మాత్రలు ఆపిన తర్వాత కూడా కొన్నేండ్ల వ్యవధితో మళ్లీ పరీక్షించవలె. ఈ క్రమాన్ని ఓపికతో నడిపిన శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బును వదిలించుకున్నట్లు గుర్తింపు పొందాయి. చైనా అంతకు ముందే, 2007లో, ఉప్పులో డి.ఇ.సి. కలిపి ప్రజలకు అందించడం కూడా సాధనంగా చేసుకొని, ఆ గమ్యం చేరింది. మూడు దేశాలలోనూ పనిచేసిన మందు భీమవరం కుర్రవాని బృందం లోకానికిచ్చినదే. ఆ మందు పుట్టిన భాష మాట్లాడే నేల మాత్రం వారి వెనుక నిలిచింది. భారతదేశం మొదట పెట్టుకున్న 2015 గడువు దాటిపోగా, ఇప్పుడు 2027 గడువుగా ఉంది.

జబ్బు అరుదైన కొద్దీ దానిని వెదికే శ్రద్ధ సన్నగిల్లడం లోక సహజం. పదిమందిలో ఒకనికి ఉన్నప్పుడు ఊరంతా మాట్లాడుకుంటుంది. వేయిమందిలో ఒకనికి ఉన్నప్పుడు కార్యాలయం మూయవచ్చునని తోస్తుంది. ఈ తలంపు ఎంత ప్రమాదకరమో తెలియజేసే ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. క్రాయిట్స్‌ఫెల్ట్–యాకబ్ వ్యాధి అనేది మెదడును స్పంజి వలె తొలిచివేసే జబ్బు. ప్రియాన్ అనే వికృతమైన మాంసకృత్తు దానికి మూలం. మందు లేదు. ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి మాత్రమే వస్తుంది. అంత అరుదైన జబ్బును లెక్కించడానికే 1990లో ఎడిన్‌బరో నగరంలో ఒక నిఘా కేంద్రం స్థాపించారు. పశువులలో ప్రబలిన పిచ్చి ఆవు వ్యాధి మనుషులకు వస్తుందేమోనన్న అనుమానం దానికి కారణం. దేశంలోని ప్రతి రోగి వివరాన్ని ఆరేండ్లు ఓపికతో పోగుచేసినందువలననే, 1996లో, యువకులలో కనిపించిన పదిమంది రోగుల తీరు వేరుగా ఉన్నదని ఆ కేంద్రం పసిగట్టగలిగింది. పశువుల జబ్బు మనుషులకు చేరిందని లోకానికి తెలిసినది ఆ పదిమంది వలననే. లెక్కపుస్తకం ముందే తెరిచి ఉండకపోతే ఆ పదిమంది పది ఆసుపత్రులలో పది వింత మరణాలుగా మిగిలిపోయేవారు.

పాపువా న్యూగినీలో కురు అనే ప్రియాన్ జబ్బు చరిత్ర కూడా ఇట్టిదే. చనిపోయిన బంధువుల శరీరాన్ని తినే అంత్యక్రియల ఆచారం వలన అది వ్యాపించేది. ఆ ఆచారం 1950ల చివరికి ఆగిపోయింది. అయినా జబ్బు అర్ధ శతాబ్దం వరకు ఒక్కొక్కరిలో బయటపడుతూనే వచ్చింది. ఆచారం ఆగిందని లెక్క ఆపి ఉంటే, ఒక జబ్బు మనిషిలో ఏబది ఏండ్లు దాగి ఉండగలదన్న సత్యం వైద్యశాస్త్రానికి తెలిసేది కాదు. ఫైలేరియా కురు వంటిది కాదు. దానికి మందు ఉంది. కాని దాగుకొనే గుణంలోనూ, మనిషి మరచిన వేళ తిరిగి రాగల గుణంలోనూ రెండింటికీ పోలిక ఉంది. కొద్దిమంది రక్తంలో పురుగు మిగిలి, మురుగు కాలువలో దోమ మిగిలి ఉంటే, పది సంవత్సరాల కృషి తిరిగి మొదటికి వస్తుంది.

కాబట్టి సుబ్బారావు గారి జీవితాన్ని స్మరించే తీరు విగ్రహానికి దండ వేయడం మాత్రమే కారాదని మా అభిప్రాయం. ఆయన చేయవలసినది చేసి వెళ్లారు. మిగిలినది ప్రయోగశాలలో జరిగేది కాదు, మన ఇండ్ల గుమ్మాలలో జరిగేది. మా విద్యార్థులలో అధిక సంఖ్యాకులు తమ కుటుంబాలలో మొదటి తరం చదువరులు. మాత్రలు పంచే కార్యకర్త వచ్చిన నాడు, ఇంటిలో ఆ కాగితం చదవగలిగేది వారే. జ్వరం వస్తుందేమోనని వెనుకాడే అమ్మమ్మకు, ఆ జ్వరం ఎందుకు వస్తుందో ఉర్దూలోనో తెలుగులోనో చెప్పగలిగేది వారే. భోజనం చేసిన తర్వాత ఆ మాత్రను కార్యకర్త ఎదుటనే మింగి, ఇంటివారి చేత మింగించడం రెండు నిమిషాల పని.

ఇప్పటికే కాలు వాచిన వారి సంగతి వేరు. మాత్ర ఆ వాపును తీసివేయదు. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి ఆరనిచ్చి, పుండు పడకుండా చూసుకుంటే, మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి, కాలు మరింత బరువెక్కకుండా ఉంటుంది. ఆ కాలు కడగడానికి వంగలేని వృద్ధునికి నీళ్లు పోసే చేయి ఒకటి కావలె. వైద్య పట్టా పుచ్చుకున్న తర్వాత కూడా పరాయి దేశపు ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడిగిన సుబ్బారావు గారికి ఈ పని చిన్నదిగా తోచి ఉండదు. మన యువకులకు కూడా తోచకూడదు.